తొక్కు డబ్బాలో మందు

ఎల్లేశం తన జన్మలో ఇద్దరికే లెక్క చెప్పాడు. ఒకరు కల్లు లెక్కలు చూసే ఆబ్కారీ వాళ్ళు, రెండోవారు జగిత్యాల డాక్టరమ్మ. ముప్పై ఏళ్ళు తాళ్ళెక్కి కల్లు గీసిన మనిషి. ఏ చెట్టు ఎన్ని లొట్ల కల్లు పారిందో చెట్టుకూ తనకూ మధ్యనే ఉండాలన్నది ఆయన నియమం, ఆబ్కారీ వాళ్ళు కూడా అలవాటుపడి పెద్దగా గుచ్చి అడిగేవారు కాదు. డాక్టరమ్మ సింధూజ దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకలేదు.

నాలుగేళ్ళ కింద నడుముకు కట్టే మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు ఎల్లేశం. ప్రాణం దక్కింది గాని నడుము దక్కలేదు. వెన్నులో ఏదో నరం నలిగి, అక్కడి నుంచి ఎడమ కాలి మడమ దాకా ఒకటే మంట. కూర్చుంటే మంట, పడుకుంటే మంట, పక్కమీద ఇటు నుంచి అటు తిరగాలంటే బాలలక్ష్మి లేచి పట్టాలి. కరీంనగర్‌లో చూపించాడు, హైదరాబాద్‌లో చూపించాడు. వాళ్ళిచ్చిన గోళీలకు నొప్పి అలాగే ఉంది, కడుపు మాత్రం చెడింది. ఆఖరికి కోరుట్లలో ఎవరో చెబితే జగిత్యాల వెళ్ళాడు. అక్కడ ఆయుర్వేదం డాక్టరు సింధూజ, వెల్గటూర్ పిల్ల, ఆయన రిపోర్టులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, గంటసేపు ప్రశ్నలడిగి, వేలెడంత సీసాలో ఒక నూనె మందు రాసింది. దాని పేరు విజయ తైలం.

పేరు విని ఏదో దీపంలో పోసే నూనె అనుకున్నాడు ఎల్లేశం. గంజాయి ఆకుతో చేసిందని ఆమె చల్లగా చెప్పేసరికి కుర్చీలోంచి సగం లేచాడు. ఇన్నేళ్ళు కల్లు గీసి ఒక్క కేసు లేకుండా బయటపడ్డవాణ్ణి, ఈ వయసులో గంజాయి కేసులో ఇరికిస్తావా అని అడిగాడు. ఆమె నవ్వి ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. ఇది లైసెన్సు ఉన్నవాళ్ళు చేసే మందే, డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారు, చీటీ మీద ఎవరి పేరుంటే వాళ్ళ నాలుక మీదే పడాలి. పొద్దున మూడు చుక్కలు, రాత్రి మూడు చుక్కలు. సీసా రెండు నెలలు రావాలి. నడుమ ఒకసారి సీసా పట్టుకొని వస్తే, ఆమె దాన్ని గీతలున్న గాజు గొట్టంలో పోసి కొలుస్తుంది. ఇంతా చెప్పి ఆధార్ నకలు తీసుకుంది, సంతకం పెట్టించుకుంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని ఆరా తీసింది. పైగా మాటకు ముందొకసారి, వెనకొకసారి తాతా అంది. ఎల్లేశానికి అరవై రెండే. మీసానికి రంగు కూడా వేశాడు.

"ఆబ్కారోళ్ళు గూడ గిన్ని అడుగలే" అని ఇంటికొచ్చి భార్యతో మొర పెట్టుకున్నాడు. బాలలక్ష్మి ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. రోజూ కార్ఖానాలో ఆకు లెక్క, బీడీల లెక్క ఒప్పజెప్పే మనిషి కాబట్టి ఆమెకు లెక్కంటే జంకు లేదు. అడిగితే చెప్పు, నీ నోరేం అరిగిపోదు అని తేల్చేసింది.

మందు పనిచేసింది. మంట పూర్తిగా పోయిందని కాదు. పీట మీద కూర్చొని అన్నం తినగలిగాడు. రాత్రి ఎవరూ పట్టకుండా పక్కకు తిరిగాడు. నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయాడు, ఆ నాలుగు గంటలు బాలలక్ష్మి కూడా నిద్రపోయింది. గౌడ సంఘం అరుగు మీద కూర్చునేవాళ్ళు ఆయనకు గంజాయి తాత అని పేరు పెట్టారు. ఎల్లేశం పైకి కసురుకున్నాడు గాని లోపల మురిసిపోయాడు. డాక్టరు చీటీకి కోరుట్లలో లామినేషన్ చేయించి, ఎవరు అడిగినా అడక్కపోయినా జేబులోంచి తీసి చూపించడం మొదలుపెట్టాడు.

ఇక్కడితో ఆగి ఉంటే ఆయన ఎల్లేశం ఎందుకవుతాడు?

కొడుకు దేవేందర్ షార్జాలో టైల్స్ పరిచే పని చేస్తాడు. పొద్దంతా మోకాళ్ళ మీద వంగి ఉండే పని. ఒకరోజు తల్లి ఫోనుకు వీడియోకాల్ చేసి తండ్రి నడుము ఎలా ఉందని అడిగాడు. మంచిగైందిరా అన్నాడు ఎల్లేశం గర్వంగా. నీది తగ్గింది, ఇక నాది మొదలైంది అని దేవేందర్ నవ్వాడు. కొడుకు నవ్వుతూనే అన్నాడు గాని తండ్రికి నవ్వు రాలేదు. నడుము నొప్పి అంటే ఏమిటో ఆ ఊళ్ళో ఎల్లేశం కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ రాత్రి మూడు చుక్కలు వేసుకుంటుంటే అవి గొంతు దిగలేదు.

సరిగ్గా ఆ వారమే శ్రవణ్ షార్జా తిరిగి పోతున్నాడు. శ్రవణ్ ఎల్లేశానికి వరసకు అన్న కొడుకు, రెండు నెలల సెలవు మీద వచ్చినవాడు. కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళలో ఒకడు గల్ఫ్ పోతున్నాడంటే ఊరంతా వాడి పెట్టెలో ఎక్కుతుంది. ఇంటికొక పార్సల్ వస్తుంది. తొక్కు పచ్చళ్ళు, అప్పాలు, కారం పొడి, ఎవరికో చెప్పులు, ఎవరికో తాయెత్తు. ఇందులో ఒక మర్యాద ఉంది. బట్టతో కుట్టి పైన పేరు రాసి ఇచ్చిన మూటను పోయేవాడు విప్పకూడదు. విప్పి చూశాడంటే ఇచ్చినవాళ్ళను దొంగలన్నట్టే లెక్క. శ్రవణ్ ఏడేళ్ళలో నాలుగుసార్లు వచ్చి పోయాడు, ఒక్క మూట విప్పలేదు. అందుకని ఊళ్ళో వాడికి చాలా మంచి పేరు. ఆ మంచి పేరు బరువు ఎక్కువై, ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో తన సొంత బట్టలే తీసి పక్కన పెట్టాల్సి వచ్చేది.

బాలలక్ష్మి కార్ఖానాకు పోయిన పూట ఎల్లేశం ఖాళీ దగ్గుమందు సీసా ఒకటి కడిగి ఆరబెట్టాడు. తన సీసాలో మిగిలిన మందులో సగం అందులోకి వంచాడు. కారకుండా మూత చుట్టూ మైనం కరిగించి పోశాడు. పగలకూడదని, బాలలక్ష్మి కంట పడకూడదని, మామిడి తొక్కు డబ్బాలో లోతుగా పాతాడు. డబ్బాకు బట్ట కుట్టించి దేవేందర్ పేరు రాయించాడు. డాక్టరమ్మ చెప్పింది గుర్తుకు రాకపోలేదు. కానీ అవన్నీ తెలియనివాళ్ళకు పెట్టే రూల్సని, నొప్పి తెలిసినవాడు నొప్పి ఉన్నవాడికి ఇస్తే తప్పేమీ లేదని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

రెండు రోజులకు జగిత్యాల పోయి సీసా చూపించే తేదీ వచ్చింది. శ్రవణ్ బయలుదేరేది కూడా ఆ రోజే. ఎల్లేశం పొద్దున్నే పోయి వాడి భుజం తట్టి, పదిలంగా పోయిరా బిడ్డా అని చెప్పి, జగిత్యాల బస్సెక్కాడు.

సింధూజ సీసాలోని నూనెను గాజు గొట్టంలోకి వంచింది. సగం ఉండాల్సింది పావు ఉంది. ఏమైందని అడిగింది. ఒలికిందన్నాడు ఎల్లేశం. ఎట్లా అంది. పిల్లి తన్నిందన్నాడు. ఆమె అడక్కముందే ఆ పిల్లి నల్లదని, పక్కింటి వాళ్ళదని, దానికి ఇదే పాడలవాటని కూడా చెప్పాడు. ఆయన ఇంట్లో గాని పక్కింట్లో గాని పిల్లి లేదు.

సింధూజ వాదించలేదు. ఒలికిందని చెబుతున్నాడు అని రాసుకొని, పెన్ను పక్కన పెట్టింది. తాను ఎందుకు కొలుస్తుందో నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఒకావిడ తన నొప్పికని తీసుకుపోయిన మందు మనవరాలికి నిద్ర పడుతుందని రెండు చుక్కలు వేస్తే, ఆ పిల్ల మరునాడు సాయంత్రం దాకా కళ్ళు తెరవలేదు. ఇంకొకాయన గుండె గోళీలు మింగే తమ్ముడికి ఇస్తే, ఆ తమ్ముడు బాత్రూంలో పడి తల పగలగొట్టుకున్నాడు. ఎవరినో పట్టుకోవడానికి కాదు, ఎవరి కడుపులోకి పోయిందో తెలిస్తే వాళ్ళను కాపాడుకోవచ్చని కొలుస్తానంది. అన్నిటికంటే తనకు భయం గల్ఫ్ పోయేవాళ్ళ పెట్టెలంటేనే అని కూడా అంది.

ఎల్లేశం ఏదో మాటవరసకు అడుగుతున్నట్టుగా, చీటీ పెట్టి పంపితే కూడా తప్పేనా అని అడిగాడు.

"చీటీ నీ పేరు మీదున్నది తాతా. గాడ నా చీటీ చెల్లదు. మందన్నా వినరు. ఎవని పెట్టెల దొరికితే వాడు జైలుకు పోతడు" అంది సింధూజ. "పంపినోనికి ఏం గాదు."

పంపినవాడికి ఏమీ కాదన్న ఆ మాట ఎల్లేశాన్ని పట్టి కుదిపింది. గోడ గడియారం చూశాడు. పదిన్నర. శ్రవణ్ కారు ఈపాటికి ఊరు దాటి ఉంటుంది. చెబితే ఏమవుతుందో ఒక్క క్షణం లెక్క వేసుకున్నాడు. ఈమె మందు జాబితాలోంచి తన పేరు కొట్టేస్తుంది, సీసా తీసేసుకుంటుంది, మళ్ళీ ఆ మంట, మళ్ళీ బాలలక్ష్మి రాత్రంతా మేలుకొని కూర్చోవడం. తన భుజాల మీద ఎక్కించుకొని తిప్పిన పిల్లవాడు జైలుకు పోయేలా ఉంటే తనకు ముందుగా తన నిద్రే గుర్తుకొచ్చినందుకు సిగ్గేసింది.

"పిల్లి లేదు బిడ్డా" అన్నాడు.

మిగతాదంతా చెప్పేశాడు. సింధూజ వెంటనే ఆయన ఫోను తీసుకొని శ్రవణ్ నంబరు కలిపింది. ఫోను కారు స్పీకర్లో పలికింది. వెనక శ్రవణ్ భార్య నవనీత నవ్వు, డ్రైవరు పెట్టిన పాట వినిపిస్తున్నాయి. చందుర్తి దాటామని, సిరిసిల్లలో అత్తగారింట్లో అన్నం తిని రెండున్నరకు బయలుదేరతామని శ్రవణ్ చెప్పాడు. ఏమన్నా మరిచిపోయావా కాకా అని అడిగాడు. ఎల్లేశం నోరు తెరిచాడు. అంతమందిలో ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నేను వచ్చేదాకా సిరిసిల్ల దాటకు అని మాత్రం చెప్పి పెట్టేశాడు.

ఎందుకు చెప్పలేదని సింధూజ నిలదీసింది. ఫోనులో చెబితే నవ్వులాట అనుకుంటాడని, ఎదురుగా నిలబడి చెబుతానని బతిమాలుకున్నాడు. ఆమె ఒప్పుకుంది గాని గడువు పెట్టింది. శ్రవణ్ నంబరు కాగితం మీద రాసుకుంది. సరిగ్గా రెండు గంటలకు తానే ఫోన్ చేసి చెప్పేస్తుంది, ఆలోపల ఎల్లేశం చెప్పి ఉండాలి.

జగిత్యాల నుంచి వేములవాడ, వేములవాడ నుంచి సిరిసిల్ల. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా మంట మడమ దాకా పోయి వచ్చింది. దిగేసరికి ఒంటిగంట దాటింది.

నవనీత తల్లి హేమలత ఇల్లు సాంచాల వాడలో ఉంది. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ముందు గదిలో నాలుగు ఆడుతుంటే వాటి చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. ఎల్లేశానికి అది కలిసొచ్చినట్టే అనిపించింది. శ్రవణ్ చెవిలో చెప్పి పని ముగించుకోవచ్చనుకున్నాడు. కానీ వరసైన పెద్దమనిషి ఇంటికొస్తే హేమలత చెవిలో చెప్పనిస్తుందా? కాళ్ళకు నీళ్ళిచ్చింది, విస్తరి వేసింది. ఎల్లేశం అన్న మాట్లాడుకోవడానికి ఇబ్బంది అవుతుందని నాలుగు సాంచాలూ బంద్ చేయించింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు.

తొక్కు నూనె కారుతుందేమోనని వచ్చానన్నాడు ఎల్లేశం. రెండు కవర్లు వేసి కట్టాను, చుక్క కారదు అంది నవనీత. ఉప్పు తక్కువైందేమోనని అనుమానం అన్నాడు. జగిత్యాల నుంచి ఉప్పు చూడటానికి వచ్చావా కాకా అని శ్రవణ్ పడీపడీ నవ్వాడు. హేమలత మారు వడ్డించింది. వద్దంటే బాగుండదని తిన్నాడు. గడియారంలో రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. శ్రవణ్ చేయి కడుక్కొని కారు దగ్గరికి పోయి డిక్కీ మూయబోయాడు.

"మూయకు కొడుకా" అన్నాడు ఎల్లేశం. "తొక్కుల నా మందున్నది. గంజాయి మందు. దేవేందర్ నడుముకని పెట్టిన. గాడ దొరికితే నిన్ను జైల్ల ఏస్తరట. నాకు పొద్దుగాలనే తెల్సింది."

శ్రవణ్ డబ్బా బయటికి తీసి కుట్లు తెంపాడు. తొక్కులో మణికట్టు దాకా చేయి పెట్టి వెతికి సీసా తీశాడు. మూత చుట్టూ మైనం చూసి, గడప మీద కూలబడ్డాడు. చేయి ఎర్రగా, నూనెతో కారుతూనే ఉంది. కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేదు.

"గింత మంచిగ దాచినవ్ కాకా. నాకు తెల్వదంటే ఎవడు నమ్ముతుండె?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఎల్లేశానికి.

నవనీత లోపలికి పోయి కత్తెర తెచ్చింది. డిక్కీలోని పదకొండు మూటల్లో ఒకటి ఏరి తీసింది. అది ఆమె తల్లి ఆ పొద్దునే కుట్టి ఇచ్చిన మూట. కుట్టు మీద కత్తెర పెట్టగానే హేమలత ముఖం మాడిపోయింది. నాదెందుకు విప్పుతున్నావని అడిగింది.

"నీది ముందుగాల విప్పితే మిగిలినోళ్ళయి విప్పచ్చమ్మా" అంది నవనీత.

అరిసెలు బయటికొచ్చాయి, నువ్వుల పొడి వచ్చింది. అడుగున కాగితంలో చుట్టిన గోళీల పట్టీ ఒకటి వచ్చింది. మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు హేమలతకు రాసిచ్చినవి. అల్లుడికి పంటి నొప్పి వస్తుంటుందని, మనసు ఊరుకోక తన వాటిలోంచి పెట్టింది. ఆమె కొంగుతో నోరు మూసుకుంది.

అప్పుడే రెండైంది, శ్రవణ్ ఫోను మోగింది. జగిత్యాల డాక్టరమ్మ. సీసా బయటికొచ్చిందని విన్నాక ఆమె మొదట శ్రవణ్‌కు ధైర్యం చెప్పింది. గోళీల పట్టీ ఫోటో తెప్పించుకొని చూసి, గల్ఫ్‌లో అది కూడా నిషేధమేనని, తీసేయాల్సిందేనని అంది. మిగతా మూటల్లో ఏ మందు కనబడినా ఫోటో పంపమంది. తర్వాత ఎల్లేశాన్ని పిలిచింది.

ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకొని, నా పేరు కొట్టేశావా బిడ్డా అని అడిగాడు.

"కొట్టేస్తే నువ్వు నొప్పికి ఆగక ఎక్కడ్నో దొంగ సరుకు కొంటవ్. కొట్టెయ్య" అంది సింధూజ. "గని తేదీకి ముందు కొత్త సీసా ఇయ్య తాతా. నీకు పదిహేను రోజులు తక్కువ పడుతది. మంట ఎక్కువైతే నా దగ్గరకే రా, వేరే ఏదన్న చూస్త. ఇగ నెలకు కాదు, వారానికొకసారి కొలుస్త."

దగ్గుమందు సీసాలోది మళ్ళీ ఎవరూ వాడకూడదని, అక్కడే పారబోయమని కూడా చెప్పింది. ఎల్లేశం మైనం గీకి, మూత తీసి, వాడ పక్కన మోరీలో సీసా వంచాడు. పదిహేను రాత్రుల నిద్ర అది. నూనె నీళ్ళ మీద తేలి, క్షణంలో కొట్టుకుపోయి కనిపించకుండా పోయింది. వెనక్కి వచ్చి హేమలత పక్కన నిలబడ్డాడు. ఆమె ఇంకా తల ఎత్తలేదు.

"మనకు పిల్లల నొప్పి ఒక్కటే కనవడ్డది చెల్లె. ఇంకేం కనవడలే" అన్నాడు.

మూటలన్నీ విప్పి, చూసి, హేమలత మళ్ళీ కుట్టేసరికి మూడున్నర దాటింది. ఇంకే మందూ దొరకలేదు. శ్రవణ్ చేయి కడుక్కొని వచ్చాడు. దేవేందర్‌కు ఏం చెప్పాలని ఎల్లేశాన్ని అడిగాడు. నేనే చెబుతానన్నాడు ఎల్లేశం. శ్రవణ్ తన ఫోనులోంచే షార్జాకు వీడియోకాల్ కలిపి, ఆయన చేతికిచ్చాడు.

దేవేందర్ ఎక్కడో గోడ నీడన కూర్చున్నాడు. జుట్టు నిండా సిమెంటు దుమ్ము. ఎల్లేశం ఏమీ దాచకుండా అంతా చెప్పాడు, పిల్లి సంగతి కూడా. దేవేందర్ ముందుగా, శ్రవణ్ బాగున్నాడా అని అడిగాడు. బాగున్నాడన్నాడు తండ్రి.

"నా నడుము నొప్పని నీ ముందట ఇంకోసారి అనను బాపు" అన్నాడు దేవేందర్.

కొడుకు కోపంగా అని ఉంటే ఎల్లేశం తట్టుకునేవాడు. వాడు మెత్తగా, తండ్రిని కాపాడుతున్నట్టుగా అన్నాడు. రేపటి నుంచి ఎప్పుడు అడిగినా మంచిగనే ఉన్న అంటాడు, నవ్వుతాడు, ఫోను పెట్టేస్తాడు. వాడి నడుము ఏమైందో ఇక ఎవరికీ తెలియదు.

"గట్లనకు బిడ్డా. నొప్పైతే నాకు చెప్పు" అన్నాడు ఎల్లేశం. "నేనేం పంప. ఊకె వింట."

దేవేందర్ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. వంగి లేస్తుంటే పట్టేస్తుందని, పొద్దున బూట్లు తొడుక్కోవడానికే పది నిమిషాలు పడుతుందని, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. ఎల్లేశం హేమలత ఇంటి గడప మీద కూర్చొని ఊఁ కొడుతూ విన్నాడు.